ఉన్నమాటల గుట్ట మీది నున్నటి రాయి

పూర్వం ఎర్రమల కొండల తూర్పు అంచున, గుండ్లేరనే చిన్న ఏటి పక్కనున్న ఈ పల్లెను సుభిక్షపురమని పిలిచేవారు. ఆ పేరు పెట్టినవాడు పెదకొండ భూపతి అనే పాలెగాడు. తన ఏలుబడిలో పన్నెండేళ్లపాటు వానలు వేళ తప్పకుండా కురవడం చూసి, కృతజ్ఞత పట్టలేక, ఊరికి ఉత్తరానున్న గుట్టమీది గుహలో వెలసిన నరసింహస్వామికి ముఖమండపం కట్టించి, గుట్టకు నూటపదకొండు మెట్లు కొట్టించి, గుహ వాకిలి పక్కన నిలువెత్తు శాసనం నాటించాడు. నేడు ఆ ఊరిపేరూ ఆ గుట్టపేరూ రెండూ మారిపోయాయి. ఊరికైనా గుట్టకైనా ఉన్నమాటల గుట్ట అని అడిగితే తప్ప దారి చెప్పేవారు లేరు.

మెట్లెక్కి పైకి వచ్చిన యాత్రికుణ్ని మొదట ఆశ్చర్యపరిచేది ఆ శాసనమే. మనిషికన్నా ఎత్తైన నల్లరాయి, పైన సూర్యచంద్రుల గుర్తులు చెక్కి ఉన్నాయి, వాటి కింద శాసనానికి ఉండవలసిన చోటంతా ఉంది, అక్షరం మాత్రం ఒక్కటీ లేదు. అద్దంలా నున్నగా గీకి ఉంటుంది. లోపలికి తొంగిచూస్తే రెండో ఆశ్చర్యం: కొలువుదీరిన దేవుడు భక్తునివైపు సూటిగా చూస్తాడని మనం అనుకుంటాం గాని, ఇక్కడి స్వామి శిరస్సు ఎడమకు తిరిగి, కాస్త ముందుకు వంగి, కుడిచెవి వాకిలివైపు ఒగ్గి ఉంటుంది. సరిగా వినపడని మాటను పట్టుకోవడానికి మనం చెవి ఎలా ఒగ్గుతామో అలాగే. మలిచిన శిల్పే అలా మలిచాడా అని అడిగేవారికి, కాదు, మొదట స్వామి కూడా అందరు దేవుళ్లలాగే ముందుకే చూసేవాడని ఊరివాళ్లు చెబుతారు. ఆయన తల తిప్పిన ఉదయం కథ ఇది.

పెదకొండ భూపతి నాటించిన రాతిమీద అప్పట్లో ఏడు వాక్యాలు ఉండేవి. వాటిని క్షేమవిన్నపం అనేవారు. రోజూ పొద్దున స్వామికి అభిషేకం ముగిసి తెర తీయగానే, గడప ఇవతల ఒక మనిషి నిలబడి, గుహ మారుమోగేలా ఆ ఏడు వాక్యాలనూ స్వామికి విన్నవించాలి. "స్వామీ, వాన వేళకు కురిసింది. గుండ్లేరు నిండుగా పారుతోంది. పొలాలు పండాయి. పాడి పొంగింది. ఊళ్లో ఏ పొయ్యీ ఆరలేదు. ఏ తల్లీ ఏడవలేదు. తమ దయవల్ల అందరం క్షేమం." ఆ మాటలు విన్న తర్వాతే స్వామి ఆరగింపుకు కూర్చుంటాడని నియమం. ఈ పని చేసే కుటుంబానికి ఏటి ఒడ్డున కొంత మాన్యం ఇచ్చారు. ఊళ్లో వాళ్లను విన్నపాలవాళ్లు అనేవారు.

శాసనాలన్నిటికీ ఉన్నట్టే దీనికీ చివర ఒక శాపవాక్యం ఉండేది. ఈ ఏడు మాటల్లో ఒక్కటి మార్చినవాడు గంగ ఒడ్డున కపిలగోవును చంపిన పాపాన పోతాడనీ, వాని వంశం గుట్ట దిగి మళ్లీ ఎక్కరాదనీ, ఇది సూర్యచంద్రులున్నంత కాలం చెల్లుతుందనీ రాయించాడు భూపతి. ఆయన చెడ్డవాడు కాడు. రాతికెక్కించిన రోజున ఆ ఏడు మాటలూ ఉన్నమాటలే. ఒక మంచి సంవత్సరపు నిజాన్ని సూర్యచంద్రులున్నంత కాలం నిలబెట్టాలనుకోవడమే ఆయన చేసిన తప్పు. రాజ్యం తన గురించి తాను మంచిమాటలు చదివించుకోవడం మొదలుపెట్టిన రోజునే దాని చెవులకు చెవుడు పడుతుంది. అయితే ఇక్కడి విచిత్రమేమిటంటే, చెవుడు పడింది ముందు రాజుకు కాదు, ఆ మాటలు పలికే నోటికి. రెండు తరాలు గడిచేసరికి ఆ ఏడు వాక్యాలకూ అర్థమనేది ఒకటుందని అందరూ మరచిపోయారు. గంట మోగినట్టు, శంఖం ఊదినట్టు, అదీ ఒక చప్పుడు.

పెదకొండ భూపతి మనుమడు చినకొండ భూపతి కోటలో ఉండగా కరవు వచ్చింది. మొదటి ఏడు జొన్న వెన్ను వేయలేదు. రెండో ఏడు కొర్ర మొలకెత్తలేదు. మూడో ఏడు విత్తడానికి గింజే లేదు. గుండ్లేట్లో చెలమలు తవ్వి, తవ్విన చెలమలు ఎండితే ఇంకో మూర లోతుకు తవ్వి, ఆడవాళ్లు ముంతతో నీళ్లు తోడుకున్నారు. పశువులను తోలుకొని కొందరు అడవివైపు పోయారు. పోలేనివాళ్లు గడ్డలు తవ్వి, చేదు పోయేదాకా ఏడు నీళ్లు పోసి ఉడకబెట్టి తిన్నారు. ఆ మూడేళ్లలో ఒక్క పూటైనా గుట్టమీద క్షేమవిన్నపం ఆగలేదు. ఊరికే ఆగలేదనడం కాదు, గొంతు తగ్గలేదు కూడా. కింద ఎండిన ఏట్లో ఆడవాళ్లు ఇసుక తోడుతుంటే పైనుంచి గుండ్లేరు నిండుగా పారుతోందని స్పష్టంగా వినిపించేది. ఎవరికీ నవ్వు రాలేదు. ఎవరికీ కోపమూ రాలేదు. చెవిన పడిన మాటను మనసు తీసుకోకపోతే నవ్వెక్కడిది, కోపమెక్కడిది?

అప్పటి విన్నపాలవాడు ఓబన్న. అతని భార్య చెంచమ్మ పొరుగూరి పిల్ల. వాళ్లకు ఐదేళ్ల కూతురు, పేరు సుంకి. మూడో ఏట వేసవి సగానికొచ్చేసరికి ఇంట్లో ఉన్న ఒక్క ఆవూ చచ్చిపోయింది. పాలు పోయిన పది రోజులకు పిల్ల ఆడుకోవడం మానింది, తర్వాత అడగడం మానింది, ఆ తర్వాత లేచి కూర్చోవడం మానింది. చెంచమ్మ దోసెడు నూకలు ఎక్కడో సంపాదించి, రోజుకు చిటికెడు చొప్పున గంజి కాచి పిల్లకు పట్టేది. ఆ దోసెడు అయిపోయేలోగా ఏదో ఒకటి జరగాలి. జరగకపోతే ఏమవుతుందో ఆ ఇంట్లో ఎవరూ పైకి అనలేదు.

ఒకనాటి మిట్టమధ్యాహ్నం, ఎండకు బయట కాలు పెట్టలేక ఇద్దరూ పిల్లకు అటొకరూ ఇటొకరూ కూర్చుని ఉండగా చెంచమ్మ భర్తను ఒక మాట అడిగింది. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆమె ఆ మాట ఎన్నడూ అడగలేదు. ఆమె పుట్టినూళ్లో విన్నపాల ఆచారం లేదు. అత్తవారింటికి వచ్చాక పొద్దున్నే పైనుంచి వినిపించేది ఏదో మంత్రమనుకుంది.

"సుంకి నాయనా, నువ్వు దినామూ పైకి పోయి ఆయనకు ఏం చెప్తాండావు?"

"ఏం చెప్తా? విన్నపమే."

"అదేందో చెప్పు, ఇంటా."

ఓబన్నకు కాస్త సిగ్గేసింది. ఇంట్లో ఎప్పుడూ పలకని మాటలవి. గోడవైపు తిరిగి, గొంతు తగ్గించి, ఏడు వాక్యాలూ చెప్పాడు. చెంచమ్మ పిల్ల నుదుటిమీద చెయ్యి ఉంచి చివరిదాకా విన్నది. "ఏ తల్లీ ఏడవలేదా?" అని నెమ్మదిగా అడిగింది.

"రాతి మీద అట్ల ఉండాది."

"మూడేండ్లుగా ఇదే చెప్తాండావా?"

"మా నాయనా ఇదే చెప్పినాడు, మా తాతా ఇదే చెప్పినాడు."

"మరి ఆయన యాటికొస్తాడయ్యా," అంది చెంచమ్మ. "అందరూ బాగుండారని దినామూ కబురు పంపిస్తే నేనైనా రాను."

ఓబన్న శాపవాక్యం గుర్తు చేశాడు. మాట మారిస్తే గోవును చంపిన పాపమని చెప్పాడు. చెంచమ్మ ఇంటి ముందరి ఖాళీ గుంజవైపు చూసింది. "మన ఆవు గడ్డి లేక సచ్చిపాయ గదా. ఆ పాపం ఎవురిదో గూడ రాసినారేమో, ఆ రాతి మీద సూసి రా," అంది.

ఆ మధ్యాహ్నం నుంచి ఓబన్నకు ఆ ఏడు మాటలూ అర్థమవడం మొదలైంది. అదొక శిక్ష. మర్నాడు గడప ముందు నిలబడి మొదటి ఐదూ చెప్పి, ఆరోదాని దగ్గర దగ్గు తెచ్చుకుని, దగ్గులోనే దాన్ని మింగేశాడు. ఆ మర్నాడు ఏడు వాక్యాలనూ ఊపిరి తిప్పుకోకుండా గడగడా అప్పజెప్పి మెట్లు దిగాడు. మూడోనాడు పెదవులు మాత్రం కదిపాడు. అర్చకుడు సింగరాచార్యులు నలభై ఏళ్లుగా మొదట ఆ తండ్రి గొంతునూ, తర్వాత ఈ గొంతునూ విన్నవాడు. నైవేద్యపు గిన్నె పట్టుకుని గడపదాకా వచ్చి అడిగాడు.

"ఏం ఓబన్నా, గొంతు బాగాలేదా?"

"గొంతు బాగానే ఉండాది అయ్యవారూ." ఓబన్న అర్చకుని చేతిలో గుడ్డ కప్పిన ఆ గిన్నెవైపు చూశాడు. "ఆ గిన్నె మీద ఆవిరే రావడం లేదేంది?"

"నీ గొంతు సంగతి నువ్వు చూసుకో," అన్నాడు ఆచార్యులు, "నా గిన్నె సంగతి నేను చూసుకుంటా." ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడకుండా చెరోవైపు వెళ్లిపోయారు.

దేవుడి ముందు ఇలా పరువు కాపాడుకునే జబ్బు ఒక్క సుభిక్షపురానిదే అనుకోవడానికి లేదు. ఇల్లు కాలిపోతున్నా, ఎలా ఉన్నారని ఎవరైనా అడిగితే మీ దయవల్ల బాగున్నామని జవాబు చెప్పే అలవాటు మనందరి నోళ్లలో ఉంది. మనుషులతో ఆ మర్యాద చెల్లితే చెల్లుగాక. అన్నీ తెలిసినవాడని మనమే నమ్మిన ఆయన ఎదుట కూడా అదే మర్యాద పాటించడం వింత. నోరు మూయించే భక్తి భయానికి పట్టుబట్ట కట్టడమే. దేవుణ్ని గౌరవించడమంటే, నిజం వినే ధైర్యం ఆయనకుందని నమ్మడం. ఆ నమ్మకం సుభిక్షపురానికి ఆనాటికి ఇంకా కలగలేదు.

ఆ వారంలోనే కోటనుంచి కబురు వచ్చింది. వానకోసం యజ్ఞం చేయించ తలపెట్టిన చినకొండ భూపతి, ముందుగా తాతగారి స్వామిని దర్శించి, క్షేమవిన్నపం స్వయంగా వింటాడట. ఊరు బాగుందని పలికితే బాగవుతుందని కోటలోని పండితులు ఆయనకు చెప్పారట. చెప్పిన రోజున భూపతి పల్లకీలో గుట్టకిందికి వచ్చి, అక్కడినుంచి కాలినడకన మెట్లెక్కాడు. వెంట నలభైమంది పరివారం, డప్పులు, గొడుగులు, పూలదండలు. పల్లెజనం కూడా మెల్లగా, ఆగి ఆగి, ఆ మెట్లే ఎక్కారు. రాజును చూసే ఆసక్తి వాళ్లకు లేదు. పెద్దలొచ్చిన చోట అన్నం పెడతారేమోనన్న ఆశ. కోటనుంచి వచ్చిన గంపల్లో పూలే ఉన్నాయి.

దోసెడు నూకల్లో ఆనాటికి ఒక్క చిటికెడు మిగిలింది. చెంచమ్మ దాన్ని కొంగున కట్టుకుని, పిల్లను భుజాన వేసుకుని, నూటపదకొండు మెట్లూ ఎక్కి, శాసనం రాతికి ఆనుకుని కూర్చుంది. ఏం చేయాలని వచ్చావని ఎవరైనా అడిగితే ఆమె దగ్గర జవాబు లేదు. ఇంట్లో ఉండలేక వచ్చింది.

అభిషేకం ముగిసింది. తెర తీశారు. డప్పులు ఆగాయి. ఓబన్న గడప ఇవతల నిలబడి, చేతులు జోడించి, "సామీ, వాన" అని మొదలుపెట్టి, ఆగిపోయాడు. దగ్గు తెచ్చుకోవాలనుకున్నాడు, రాలేదు. అతని కళ్లు పక్కకు తిరిగి, రాతికి ఆనుకున్న చెంచమ్మ మీదా, ఆమె భుజంమీంచి వేలాడుతున్న పిల్ల చేతి మీదా పడ్డాయి. భూపతి పరివారంలో ఒకడు గొంతు సవరించుకున్నాడు. అప్పుడు ఓబన్న మళ్లీ నోరు విప్పాడు. ఈసారి గుహ మారుమోగే గొంతుతో కాదు, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడే గొంతుతో.

"వాన రాలేదు సామీ. మూడేండ్లాయ. గుండ్లేట్లో ఇసుక తోడితే కింద ఇంకా ఇసుకే వస్తాంది. పొలాల్లో గడ్డి గూడ లేదు. మా ఆవు సచ్చిపాయ. పొయ్యిలు ముట్టించేదానికి కట్టెలుండాయి, పైన పెట్టేదానికే ఏమీ లేదు. తల్లులు ఏడ్సేది గూడ మానుకున్నారు. మేము బాగలేము సామీ. మూడేండ్లుగా దినామూ ఈడ నిలబడి నీకు అబద్ధం చెప్పినా. నీ మింద భక్తితో గాదు, మాన్యం పోతాదని చెప్పినా. దాంట్లో ఏం పండుతాందని బయపడినానో నాకే తెల్దు."

"వాని నోరు మూయించండి," అన్నాడు భూపతి. ఇద్దరు బంట్లు ముందుకు వచ్చారు. ఓబన్న వాళ్లవైపు చూడలేదు. రెండు చేతులతో గడపను పట్టుకుని అక్కడే కూర్చున్నాడు.

"నీ మింద నాకు శానా కోపముండాది," అన్నాడు స్వామితో. "ఒక పిల్లోడు పిలిస్తే స్తంభం పగలగొట్టుకొని వచ్చినోడివంట. మా పిల్లకు పిలిసే ఓపిక గూడ లేదు. పిలిస్తేనే వస్తావా? పిలవలేనోళ్ల గతి ఏంది? ఇంకొకటుండాది, అదీ చెప్తా. మొన్న పిల్లకని కాచిన గంజిలో రెండు గుక్కలు నేను తాగినా. దాని అమ్మకు చెప్పలేదు. నీకు చెప్తాండా."

బంట్లు ఆగిపోయారు. రాతి దగ్గరనుంచి చెంచమ్మ గొంతు వినిపించింది: "నాకు తెల్సు. గిన్నె సూసినప్పుడే తెల్సు."

అప్పుడు సింగరాచార్యులు గుహలోనుంచి గడప దాటి వచ్చాడు. గుడ్డ కప్పిన నైవేద్యపు గిన్నె చేతిలోనే ఉంది. ఓబన్నకూ బంట్లకూ మధ్య నిలబడి, స్వామివైపు తిరిగి, ఆ గుడ్డ తీశాడు. గిన్నె అడుగు తళతళలాడుతోంది. "స్వామీ, తొంభై రోజులుగా ఈ ఖాళీ గిన్నెనే నీకు చూపించి ఆరగించమంటున్నాను," అన్నాడు. "మొదటి నెలలో ఉన్న నాలుగు గింజలూ నేనే ఇంటికి తీసుకుపోయాను. నా మనుమలకు పెట్టాను. నీకు గుడ్డ కప్పాను."

అప్పుడు జరిగింది. తెర ముందున్నవారు అందరూ విన్నారు. లోపల తిరగలి ఒక్క చుట్టు తిరిగినట్టు, రాయి రాతిని ఒరుసుకున్న బరువైన చప్పుడు. హారతి వెలుగులో చూస్తే, మూడు తరాలుగా ముందుకు చూస్తూ కూర్చున్న స్వామి శిరస్సు ఎడమకు తిరిగి ఉంది. కుడిచెవి వాకిలివైపు ఒగ్గి ఉంది. కళ్లు సగం మూసినట్టున్నాయి, శ్రద్ధగా వినేవాళ్ల కళ్లలాగా.

జనం చేతులెత్తి మొక్కారు. మొక్కి, దించి, ఇంకా ఏదో కాబోతున్నట్టు నిలబడ్డారు. ఎందుకంటే ఆ చెవి వెనక్కి మళ్లలేదు. ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. ఇంకా చెప్పవలసింది ఎవరిదో మిగిలి ఉంది. విన్నపాలవాడు చెప్పాడు, అర్చకుడు చెప్పాడు. ఎవరూ నోటితో అనకపోయినా, ఒక్కొక్కరుగా అందరి చూపులూ గొడుగు కిందికి వెళ్లాయి.

చినకొండ భూపతి చాలాసేపు ఆ చెవివైపే చూశాడు. పరివారంలోని పండితుడొకడు ఏదో చెప్పబోతే చేత్తో ఆపాడు. తర్వాత తన మీదినుంచి గొడుగు తీసేయమని సైగ చేసి, ఓబన్న పక్కన గడప దగ్గరికి వచ్చి, తలవంచి, ఎవరికో తప్పు ఒప్పుకుంటున్నట్టు తడబడుతూ చెప్పాడు. "స్వామీ, నా కోటలో ఆరు పాతర్ల నిండా జొన్నలున్నాయి. శత్రువు ముట్టడికి వస్తే సైన్యానికీ గుర్రాలకూ కావాలని దాచాను. ఈ మూడేళ్లలో ఏ శత్రువూ రాలేదు. యజ్ఞం చేయిస్తే వాన నువ్వే ఇస్తావు, పాతర్ల మాట ఎవరూ అడగరనుకున్నాను." ఓబన్న పక్కనే గడప ముందు కూర్చుని మళ్లీ అన్నాడు. "నా గుర్రాలు రోజూ తింటున్నాయి."

దైవం నోట ఒక్క మాట రాలేదు. రావలసిన అవసరమూ లేకపోయింది. ఆకలి ఎవరి అనుమతీ అడగదు, అన్నం మాత్రం ఎందుకు అడగాలి? ఆ మధ్యాహ్నానికే పాతర్ల మూతలు లేచాయి. కోటనుంచి బండ్లు వచ్చేలోగా ఆగలేక, పల్లకీ వెంట వచ్చిన గుర్రాలకు దాణాకని తెచ్చిన జొన్నల సంచినే గుట్టమీద విప్పి, దంచి, ఆ నైవేద్యపు గిన్నెలోనే అంబలి కాచారు. మొదటి గరిటె స్వామికి చూపించి, ఆ గరిటెనే తెచ్చి చెంచమ్మకు ఇచ్చాడు ఆచార్యులు. ఆమె కొంగున ఉన్న చిటికెడు నూకలు కూడా విప్పి దాంట్లో కలిపి, వేలితో కొద్దికొద్దిగా పిల్ల పెదవులకు అద్దింది. సాయంత్రానికి సుంకి కళ్లు తెరిచి, గరిటెను తన చేత్తో పట్టుకుని, ఇంక చాలని ఎవరు చెప్పినా వదల్లేదు.

మర్నాడు భూపతి రాతిపనివాళ్లను వెంటబెట్టుకుని మళ్లీ గుట్టెక్కాడు. తాత చెక్కించిన ఏడు వాక్యాలూ చెరిపించి, వాటి స్థానంలో ఓబన్న పలికిన మాటలు పొల్లుపోకుండా చెక్కించాలని, ఇకమీద రోజూ స్వామికి ఆ మాటలే విన్నవించాలని ఆయన సంకల్పం. ఉలి పట్టుకున్నవాళ్లు శాపవాక్యాన్ని చూసి వెనక్కి తగ్గారు. భూపతి ఉలి అందుకుని, "మా తాత శాపం నాకే తగలనీ," అని మొదటి దెబ్బ తానే కొట్టాడు. అంతా గీకడం పూర్తయ్యాక, కొత్త అక్షరాలకు ముగ్గుపొడితో గీతలు కొడుతుండగా ఓబన్న అడ్డం వచ్చాడు.

"రాయొద్దు దొరా."

"నీ మాటలే కదా."

"నిన్నటి మాటలు దొరా. రేపు వాన పడతాదనుకో. పడినాక గూడ నా మనవడు ఈడ నిలబడి వాన రాలేదు సామీ అని సెప్పాల్నా? అప్పుడదీ అబద్ధమే గదా." ఓబన్న నున్నటి రాతిమీద అరచెయ్యి ఆనించాడు. "దీన్నిట్లే ఉండనీ. ఏ పొద్దు మాట ఆ పొద్దు సెప్పుకుంటాం."

భూపతి ఆలోచించి, ఉలి కింద పెట్టాడు. తాతకు తట్టనిదీ, పండితులకు తోచనిదీ విన్నపాలవానికి తోచింది. నిజాన్ని కూడా రాతిలో బిగిస్తే అది ఎప్పుడో ఒకప్పుడు అబద్ధమవుతుంది. ప్రార్థన శాసనం కాదని ఈ దేశంలో మొదట పలికినవాడు ఆ నిరక్షరాస్యుడేనని ఊరివాళ్ల గర్వం, ఆ గర్వంలో నాకు తప్పు కనబడదు.

వాన ఆనాడు రాలేదు. ఆ వారమూ రాలేదు. ఇరవై మూడోనాడు వచ్చింది. స్వామి తల తిప్పినందుకే వచ్చిందని కొందరు, రావలసిన కార్తె వచ్చింది గనుక వచ్చిందని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. నన్నడిగితే, వాన పడేదాకా ఊరు బతికి ఉండటమే అసలు మహిమ. వాన పడిన మర్నాడు బురదకాళ్లతో గుట్టెక్కిన ఓబన్న గడప ముందు నిలబడి చెప్పిన మాటలను ఆ ఇంటివాళ్లు తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారు. "సామీ, వాన పడింది. పిల్ల లేసి తిరుగుతాంది. పక్కింటి నరసమ్మ కొడుకు మాత్రం నిలబడలేదు, పోయిన మంగళవారం పాయ. నీ మింద కోపం కొంచెం తగ్గింది, అంతా పోలేదు. ఈ పొద్దుకు ఇంతే."

ఆనాటినుంచి ఇక్కడ క్షేమవిన్నపం లేదు. పొద్దున తెర తీసేవేళకు గడప దగ్గరికి మొదట వచ్చినవారు ఎవరైనా సరే, ఆ రోజు తమకు ఎలా ఉందో స్వామికి చెప్పాలి. పెళ్లి కుదిరిన సంతోషం చెప్పేవారున్నారు, కొడుకు మాట్లాడడం లేదని చెప్పేవారున్నారు, నువ్వసలు ఉన్నావో లేదో నాకు నమ్మకం లేదని చెప్పి దండం పెట్టి వెళ్లేవారూ ఉన్నారు. తమ దయవల్ల అందరం క్షేమమనే మాట మాత్రం, నిజంగా క్షేమంగా ఉన్నా సరే, ఆ గడప దగ్గర అనరు. నైవేద్యపు గిన్నెమీద నేటికీ గుడ్డ కప్పరు. ఉన్నదెంతో అంతే కనబడాలి, లేనినాడు లేదని చూపించాలి. నరసింహ జయంతినాడు విన్నపాలవాళ్ల ఇంటి ఆడపడుచు ఆ నున్నటి రాతిని నీళ్లతో కడిగి, పసుపు పూసి, ఏమీ రాయకుండా వదిలేస్తుంది.

తల తిరిగిన చోట, స్వామి మెడ దగ్గర పగులుందేమోనని చూడటానికి ఎన్నోసార్లు శిల్పులు వచ్చారు. పగులు లేదు, ఉలిజాడ లేదు, అతుకు లేదు. ఒకాయన శాస్త్రప్రకారం శిరస్సు నిటారుగా సరిచేయించాలన్నాడట. అప్పటి అర్చకుడు ఆ మాట స్వామికే చెప్పుకోమని ఆయన్ను గడప దగ్గర కూర్చోబెట్టాడు. చీకటి పడేవేళకు లేచిన ఆ శిల్పి, సరిచేసే సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు. ఏం చెప్పుకున్నాడో ఎవరూ అడగలేదు.

ఇక్కడి అర్చకులకు మరో ఆచారం కూడా ఉంది. భక్తుడు చెప్పవలసిందంతా చెప్పి, కళ్లు తుడుచుకుని, లేవబోతుండగా అర్చకుడు ఒకే ఒక ప్రశ్న వేస్తాడు. సింగరాచార్యులు మొదలుపెట్టాడంటారు. మంత్రం కాదు, ఇంటివాళ్లు అడిగినట్టే అడుగుతాడు: "ఇంకేమన్నా మిగిలిందా?"

అడిగి, జవాబు వినకుండా, మెట్లవైపు నడిచి, వీపు తిప్పి నిలబడతాడు. లోపల రాతిచెవి మాత్రం ఒగ్గే ఉంటుంది.